‘ఆమేన్’ తరువాత ఒక మాట



నవంబరు నెల వచ్చిందంటే తెలుగు సంఘాల్లో పాటల పంట మొదలవుతుంది. ముందు క్రిస్మస్ పాటలు, ఆ వెంటనే నూతన సంవత్సరపు వాగ్దాన గీతాలు, ఆ తరువాత శ్రమల కాలపు పాటలు, ఈస్టరు పాటలు. ఒకప్పుడు పాట రాసినవాడు దానిని ముందు తన సంఘంలో పాడేవాడు, తరువాత కూటాల్లో పాడేవాడు. నలుగురి నోళ్లలో నలిగాక ఎప్పటికో అది పాటల పుస్తకంలోకి ఎక్కేది. క్యాసెట్ల రోజుల్లో కూడా రికార్డింగ్ కొద్దిమందికే అందేది. ఇప్పుడు ఒక కీబోర్డు, ఒక ఫోను, పక్క పట్టణంలో ఒక చిన్న స్టూడియో ఉంటే చాలు. పల్నాడులోని పల్లెలో విడుదలైన పాటను అదే సాయంత్రం కువైట్‌లో పనిచేస్తున్న అక్క, డాలస్‌లో చదువుకుంటున్న తమ్ముడు వింటున్నారు. ఇందుకు దేవునికి స్తోత్రం చెల్లించాల్సిందే.

అయితే ఆ పాటల కింద కనిపించే మాటలను ఒకసారి గమనించండి. ‘ఆమేన్’, ‘గ్లోరీ టు గాడ్’, ‘వండర్‌ఫుల్ సాంగ్ బ్రదర్’, చేతులు జోడించిన బొమ్మలు. వంద వ్యాఖ్యలు చదివినా ఆ పాటలో ఏ మాట ఎవరిని ఆదరించిందో తెలియదు. మధ్యలో ఎక్కడో ఒకటి వేరుగా ఉంటుంది: ‘ఇది కూడా ఒక పాటేనా?’, ‘ముందు తెలుగు నేర్చుకో’, ‘గొంతు లేనప్పుడు ఎందుకు పాడటం?’ పాడిన వ్యక్తికి ఈ రెండు రకాల మాటల్లో ఏదీ పనికిరాదు. మొదటిది విని తానేమి బాగా చేశాడో తెలుసుకోలేడు. రెండోది విని తానేమి సరిచేసుకోవాలో తెలుసుకోలేడు.

పాటను పంచుకున్న సహోదరునికి, సహోదరికి నిజమైన అభిప్రాయాన్ని ప్రేమతో, వివరంగా చెప్పడం సంఘపు పరిచర్యలో భాగమని మేము నమ్ముతున్నాం. ఆ పనిని సంఘం చేయకపోతే ముక్కూ మొహం తెలియనివారు చేస్తారు. వారు చేసే తీరు మనందరికీ తెలిసిందే.

పాట ప్రసంగం కంటే ఎక్కువ కాలం నిలుస్తుంది

ఇది చిన్న విషయమని కొందరు అనుకోవచ్చు. కానీ పోయిన ఆదివారం కాపరి చెప్పిన ప్రసంగంలో మూడు అంశాలు చెప్పమంటే ఎంతమంది చెప్పగలరు? చిన్నప్పుడు ఆదివారపు బడిలో నేర్చుకున్న పాటను మాత్రం డెబ్బై ఏళ్ల అమ్మమ్మ ఆసుపత్రి మంచం మీద కూడా పొల్లుపోకుండా పాడుతుంది. కొలొస్సయులకు రాస్తూ పౌలు, కీర్తనల ద్వారా, పాటల ద్వారా ఒకరికొకరు బోధించుకోవాలని, బుద్ధి చెప్పుకోవాలని అన్నాడు (3:16). అంటే పాట కూడా బోధే. పాటలో ఒక తప్పు దూరితే అది ప్రసంగంలో దూరిన తప్పు కంటే లోతుగా నాటుకుంటుంది. విశ్వసిస్తే అప్పులూ జబ్బులూ అన్నీ ఈ ఏడాదే తీరిపోతాయని ఒక పాట హామీ ఇచ్చిందనుకోండి. ఏడాది గడిచినా అప్పు తీరని కుటుంబం ఆ పాటను తలచుకుని ఏమనుకుంటుంది? దేవుడు మాట తప్పాడనుకోవచ్చు, తమ విశ్వాసమే చాలలేదనుకోవచ్చు. పాటను ముందుగా విని ‘ఈ మాట వాక్యంలో ఉందా బాబూ?’ అని అడిగే పెద్ద ఒకరు ఉంటే ఆ గాయం తప్పేది.

రెండో నష్టం పాడినవారికి. మన సంఘాల్లో పాటలు రాసేవారిలో చాలామంది ధనవంతుల పిల్లలేమీ కాదు. కూలి డబ్బుల్లో మిగిల్చి, లేదా చేబదులు తెచ్చి, స్టూడియోకు, ట్రాకుకు, వీడియోకు కడతారు. సంఘమంతా ‘అద్భుతం’ అంటే మళ్లీ అప్పు చేసి రెండో పాట చేస్తారు. మొదటి పాటలో ఉన్న లోపమే రెండోదానిలోనూ ఉంటుంది, ఎందుకంటే ఎవరూ చెప్పలేదు. సంఘంలో ఒక్కరు కూడా నోరు విప్పకుండా అతణ్ణి నేరుగా లోకపు ఎగతాళికి అప్పగించడం ప్రేమ అనిపించుకోదు. పొగడ్తలతో పొరుగువానిని మోసగించేవాడు అతని కాళ్లకు వల పన్నుతున్నాడని సామెతల గ్రంథం హెచ్చరిస్తోంది (29:5).

మౌనానికి మూడు కారణాలు

తెలిసినవారు కూడా ఎందుకు చెప్పడం లేదు? మాకు మూడు కారణాలు కనిపిస్తున్నాయి.

మొదటిది మొహమాటం. పాడినవాడు మన పెద్దగారి అబ్బాయి, పాడిన అమ్మాయి పాస్టరమ్మగారి చెల్లెలు. చెబితే రేపు పలకరింపులు తగ్గుతాయేమోనని భయం.

రెండోది, వ్యాఖ్యల పెట్టె తీరు. అక్కడ రాసేది పదిమందీ చదువుతారు కాబట్టి మంచివారు పొగిడి ఊరుకుంటారు, కోపం ఉన్నవారే కుండబద్దలు కొడతారు. 2021 నవంబరులో యూట్యూబ్ సంస్థ డిస్‌లైక్‌ల సంఖ్యను అందరికీ కనిపించకుండా దాచింది. పనిగట్టుకుని ఆ మీట నొక్కి చిన్న చిన్న చానళ్లవారిని వేధిస్తున్నారని కారణం చెప్పింది. ఆ అంకె ఇప్పుడు పాట పెట్టినవారికి మాత్రమే కనిపిస్తుంది. వేధింపు కొంత తగ్గాలన్న ఉద్దేశం మంచిదే. అయితే అంకె కనిపించినా, దాగినా, పాటలో ఏమి కుదరలేదో అది చెప్పలేదు. మనిషి చెప్పాల్సిన మాటను మీట చెప్పలేదు.

మూడో కారణం మన విశ్వాసపు మాటల్లోనే ఉంది. ‘ఈ పాట ప్రభువు నాకిచ్చాడు’ అని పాడినవారు అంటే ఇక మాట్లాడటానికి ఎవరికీ ధైర్యం చాలదు. ప్రభువు ఇచ్చినదానిలో తప్పు పట్టేవాడెవడు? ఈ ప్రశ్నకు వాక్యమే జవాబిస్తుంది. ప్రవచించేవారు ఇద్దరు ముగ్గురు మాట్లాడాలని, తక్కినవారు దానిని వివేచించాలని పౌలు కొరింథు సంఘానికి రాశాడు (1 కొరింథీ 14:29). ప్రవచనాన్నే తూచి చూడమన్నప్పుడు పాటను తూచి చూడటం అవిశ్వాసం ఎలా అవుతుంది? బెసలేలును దేవుడు తన ఆత్మతో నింపాడు, దానితోపాటే పనితనాన్నీ ఇచ్చాడు (నిర్గమ 31:1-5). అతనికీ అహోలీయాబుకూ ఇతరులకు నేర్పే వరం కూడా ఇచ్చాడు (35:34). నేర్పడం ఉందంటే దిద్దడం ఉన్నట్టే. దావీదు ఏర్పాటు చేసిన గాయకులు 288 మంది. వారంతా యెహోవా గానంలో శిక్షణ పొందినవారు. వారిలో గురువులూ ఉన్నారు, శిష్యులూ ఉన్నారు (1 దినవృత్తాంతములు 25:7-8). ఆత్మ ప్రేరేపణ ఉన్నచోట అభ్యాసం అక్కర్లేదన్న బోధ బైబిల్లో లేదు.

అపొల్లోను ఇంటికి పిలిచినవారు

దిద్దడం ఎలాగో తెలియాలంటే అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయం చివర చూడాలి. అపొల్లో అలెక్సంద్రియవాడు, మంచి వక్త, లేఖనాల్లో దిట్ట. ఎఫెసు సమాజమందిరంలో ధైర్యంగా బోధిస్తున్నాడు. యేసును గురించి అతను చెప్పేది సరైనదే. కానీ అతనికి యోహాను బాప్తిస్మం మట్టుకే తెలుసు. వినేవారిలో అకుల, ప్రిస్కిల్ల అనే దంపతులున్నారు. డేరాలు కుట్టుకుని బతికేవారు. అతనంతటి వక్తలు కారు. కానీ అతనికి తెలియని సంగతి వారికి తెలుసు.

వారు ఏమి చేశారో వరుసగా గమనించండి. ముందు పూర్తిగా విన్నారు. సమాజమందిరంలో లేచి నిలబడి అందరి ముందూ ఆపలేదు. అతణ్ణి తమతో చేర్చుకున్నారు. దేవుని మార్గాన్ని అతనికి మరింత వివరంగా చెప్పారు. తెలిసినదంతా తప్పని కొట్టిపారేయకుండా, ఉన్నదానికి లేనిది కలిపారు. ఆ తరువాత అతను అకయకు వెళ్లాలనుకుంటే ఎఫెసులోని సహోదరులు అతణ్ణి ప్రోత్సహించి, చేర్చుకోమని అక్కడి శిష్యులకు ఉత్తరం రాశారు. అక్కడి విశ్వాసులకు అతను ఎంతో సహాయపడ్డాడు. దిద్దుబాటు అతని నోరు మూయించలేదు, అతని పరిచర్యను పెద్దది చేసింది. మంచి అభిప్రాయానికి కొలత ఇదే. విన్నవాడు తరువాత ఇంకా బాగా పాడాలి, అంతేకాని పాడటం మానేయకూడదు.

వెస్లీ పాటను మార్చిన విట్‌ఫీల్డ్

పాటలను దిద్దడం కొత్త సంగతి కాదు. మనం ప్రతి క్రిస్మస్‌కూ పాడుకునే ‘దూత పాట పాడుడీ’కి మూలమైన ఇంగ్లీషు పాటను చార్లెస్ వెస్లీ రాశాడు. 1739లో అచ్చయినప్పుడు దాని మొదటి పంక్తిలో దూతలు లేరు. ఆకాశమంతా మారుమోగుతోందన్న భావంతో, అప్పటికే పాతబడిన ఒక ఇంగ్లీషు మాటతో అది మొదలయ్యేది. 1753లో జార్జ్ విట్‌ఫీల్డ్ తన పాటల సంకలనంలో ఆ పంక్తిని మార్చి దూతలను తెచ్చాడు. ఆ మార్పే నిలిచింది. మన తెలుగు పాట మొదట్లో ‘దూత’ అన్న మాట ఉందంటే అది ఆ దిద్దుబాటు ఫలమే.

అయితే ఈ కథకు రెండో వైపు కూడా ఉంది. చార్లెస్ అన్నగారైన జాన్ వెస్లీ 1779లో తమ కీర్తనల సంకలనానికి ముందుమాట రాస్తూ, తమ పాటలను ఇతరులు తోచినట్టు మార్చి అచ్చువేయడంపై అసంతృప్తిని దాచుకోలేదు. ఉన్నవి ఉన్నట్టు వేయండి, లేదా మా అసలు మాటలను పక్కనో అడుగునో చూపండి అని కోరాడు. తమ్ముని పాటలను ఆయన స్వయంగా ఏరి, దిద్ది కూర్చినవాడే. అయినా అడగకుండా మార్చడాన్ని ఒప్పుకోలేదు. దిద్దుబాటు పాటకు మేలు చేయవచ్చు. కానీ పాట ఎవరిదో వారిని అడిగి చేయాలి. ఈ రోజు మరొకరి పాటను తీసుకుని రెండు మాటలు మార్చి, రాసినవారి పేరు తీసేసి తమ చానల్‌లో పెట్టుకునేవారు ఈ మాట ఆలోచించాలి.

చెప్పేవారికి కొన్ని సంగతులు

మొదట, కనీసం రెండుసార్లు వినండి. సంగతి వినకముందే జవాబిచ్చేవాడు అవివేకి అని సామెతలు 18:13 చెబుతోంది. సగం విని వేలు కదిపితే అదే అవుతుంది.

రెండు, మంచిని పేరు పెట్టి చెప్పండి. ప్రకటన గ్రంథం 2వ అధ్యాయంలో ఎఫెసు సంఘాన్ని మందలించే ముందు ప్రభువు దాని క్రియలను, కష్టాన్ని, ఓర్పును ఒక్కొక్కటిగా గుర్తుచేశాడు. ‘పాట బాగుంది’ అంటే అందులో సమాచారం లేదు. ‘తమ్ముడూ, రెండో చరణం వచ్చేసరికి మా అమ్మ కళ్లు తుడుచుకుంది. కొడుకును పోగొట్టుకున్న తల్లి ఆమె’ అని చెప్పండి. తాను రాసిన ఏ మాట ఎక్కడికి చేరిందో అతనికి తెలుస్తుంది. ఇది ముఖస్తుతి కాదు, సాక్ష్యం.

మూడు, లోపాన్ని కూడా అంతే వివరంగా చెప్పండి, కానీ ఒకటి రెండింటితో ఆపండి. ‘సాహిత్యం బాగాలేదు’ అంటే అతనేమి చేయగలడు? ‘పల్లవిలో దేవునితో మాట్లాడుతున్నావు, మూడో చరణంలో మనుషులతో మాట్లాడుతున్నావు. సంఘంగా పాడేటప్పుడు ఎవరితో మాట్లాడుతున్నామో తికమకగా ఉంది’ అంటే కూర్చుని సరిచేసుకుంటాడు. ‘నీ పాదాలపై పడి అన్నచోట రాగం సాగదీయడంతో పాడి అని వినిపిస్తోంది’ అంటే వెంటనే అర్థమవుతుంది. తెలుగులో ఒక్క దీర్ఘంతో అర్థం మారిపోతుంది కదా!

నాలుగు, బోధ, భాష, సంగీతం, అభిరుచి అనే నాలుగింటినీ కలిపేయకండి. పాటలోని మాట వాక్యానికి విరుద్ధమైతే గట్టిగానే చెప్పాలి. శ్రుతి తప్పితే సంగీతం తెలిసినవారు చెప్పాలి. కానీ డ్రమ్స్ మోత మనకు నచ్చకపోతే అది మన అభిరుచి. ‘నాకైతే నెమ్మది పాటలు ఇష్టం’ అని చెప్పుకోవచ్చు గాని, దానికి వాక్యపు ముద్ర వేయకూడదు. అలాగే యాస తప్పు కాదు. తెలంగాణ మాట, శ్రీకాకుళం మాట, రాయలసీమ మాట ప్రభువుకు ఒకేలా వినిపిస్తాయి. పల్లె పలుకును వెక్కిరించేవారు పాటను దిద్దడం లేదు, పాడిన మనిషి పుట్టిన వాడను అవమానిస్తున్నారు. క్రీస్తు సంఘంలో దానికి చోటు లేదు.

అయిదు, మెప్పు పదిమందిలో చెప్పండి, దిద్దుబాటు విడిగా చెప్పండి. ఫోను చేయండి, వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టండి, కుదిరితే ఇంటికి పిలిచి టీ ఇచ్చి చెప్పండి. చెప్పేముందు ‘ఒక మాట చెప్పవచ్చా?’ అని అడగండి. చెప్పాక నిర్ణయం వారికి వదిలేయండి. అయితే వాక్యానికి విరుద్ధమైన బోధ ఇప్పటికే వేలమందికి చేరుతూ, విడిగా చెప్పినా వినకపోతే, అప్పుడు సంఘ పెద్దలు బహిరంగంగా మాట్లాడటం అవసరమే. అప్పుడు కూడా మనిషిని కాదు, మాటనే విమర్శించాలి.

వినేవారికి ఒక సంగతి

పాట పంచుకున్న యౌవనులారా, మీతో కూడా ఒక మాట. మీ మేలు కోరే స్నేహితుడు చేసే గాయం నమ్మదగినదని సామెతలు 27:6 చెబుతోంది. ప్రతి విమర్శకూ తల వంచనక్కర్లేదు. కానీ ఒకరినొకరు ఎరగని ముగ్గురు మీ పాటలో ఒకేచోట వేలు పెడితే అక్కడ ఆగి చూడండి. వెంటనే జవాబు రాయకండి. ఒక రాత్రి గడవనివ్వండి, ప్రార్థించండి. ‘అన్నా, కొంచెం వివరంగా చెబుతారా?’ అని అడగండి. మేలు కోరేవాడైతే సంతోషంగా వివరిస్తాడు. వెక్కిరించడానికి వచ్చినవాడైతే దగ్గర చెప్పడానికి ఏమీ ఉండదు. అలాంటివారి మాటను మోసుకుని తిరగకండి. వ్యూస్ రాలేదని పాట విఫలమైందనుకోవద్దు, వచ్చాయని సత్యమైందనీ అనుకోవద్దు.

విడుదలకు ముందు నలుగురు

సంఘాలకు మా సూచన ఇది. పాట లోకానికి వెళ్లాక చెప్పే మాట కంటే స్టూడియోకు వెళ్లకముందు చెప్పే మాట విలువైనది. అప్పు చేయకముందే చెప్పవచ్చు, మార్చడానికి ఖర్చూ ఉండదు. కాబట్టి మీ సంఘంలో ఎవరు పాట రాసినా, రికార్డింగుకు ముందు నలుగురు కూర్చుని వినే ఏర్పాటు చేయండి. వాక్యం తెలిసినవారు ఒకరు, తెలుగు బాగా వచ్చినవారు ఒకరు, శ్రుతి లయలు తెలిసినవారు ఒకరు. నాలుగో మనిషి ఎవరంటే, చదువు రాకపోయినా వందల పాటలు నోటికి వచ్చిన అమ్మమ్మ. ఆమె రెండుసార్లు విని మూడోసారి గొంతు కలపగలిగితే అది సంఘం పాడుకోగల పాట. కలపలేకపోతే ఎక్కడ ఆగిపోయిందో అక్కడ పని ఉంది. ఈ నలుగురి కూటం అనుమతులిచ్చే కచేరీలా మారకూడదు. పాటను ఆపే అధికారం కోసం కాదు, పాటకు సాయం చేయడానికే వారు కూర్చోవాలి.

కృత్రిమ మేధతో నిమిషాల్లో పాట తయారవుతున్న ఈ రోజుల్లో ఈ ఏర్పాటు అవసరం ఇంకా పెరిగింది. యంత్రం ప్రాసలు కుదురుస్తుంది, రాగం కడుతుంది, గొంతు కూడా ఇస్తుంది. కానీ ఆ పాటలోని మాటకు అది దేవుని ఎదుట జవాబుదారీ కాదు. పాడించే సంఘం జవాబుదారీ.

మరొక పాటల కాలం వస్తోంది. మీ ఫోనుకు ఒక కొత్త పాట వస్తుంది. దాని కింద ‘ఆమేన్’ అని తప్పక రాయండి. ఆ తరువాత ఆ పాడినవారి నంబరు వెతికి, అవసరాన్ని బట్టి క్షేమాభివృద్ధి కలిగించే ఒక్క మాట (ఎఫెసీ 4:29) వారికి చెప్పండి. ఆ మాట చెప్పడానికి కావలసిన సత్యాన్నీ ప్రేమనూ, వినడానికి కావలసిన దీనమనస్సునూ ప్రభువు మన సంఘాలకు దయచేయును గాక. ఆమేన్.